గేరు పడకపోవడం నా కాలి తప్పేనా?

పేరు వేయొద్దన్న ఒక పాఠకురాలు మూడు పేజీల ఉత్తరం రాశారు. కాళ్లు కాస్త ముందుకు చాపి కూర్చునే క్రూజర్ తరహా బండిని ఆవిడ పదకొండేళ్లుగా నడుపుతున్నారు. పోయినేడాది మెట్ల మీద జారి ఎడమ చీలమండ విరిగింది. ఆరు నెలలు బండి కవరు కిందే ఉండిపోయింది. మళ్లీ ఎక్కాక గేర్లు సరిగ్గా పడటం లేదు. రెండో గేరుకి లేపితే న్యూట్రల్‌లో ఆగిపోతోంది, వెనక వచ్చేవాళ్లు హారన్ కొడుతున్నారు, టెన్షన్‌తో ఇంకా గట్టిగా తన్నాల్సి వస్తోంది.

"కాలు ఇంకా సెట్ కాలేదు, బండి అమ్మేద్దాం" అంటున్నారట భర్త. తమ్ముడు మాత్రం లివర్ పట్టుకుని ఊపి చూసి, "బుష్ పోయిందక్కా, నీడిల్ బేరింగ్ వేయించేయ్, జన్మలో మళ్లీ చూడక్కర్లేదు" అన్నాడు. (లివర్ ఒక పిన్ను మీద తిరుగుతుంది, ఆ రెంటి మధ్య ఉండే లోహపు గొట్టమే బుష్.) ఒక మెకానిక్ పిన్నుకి సన్నటి రేకు చుట్టి బిగించాడు. పదిహేను రోజులు బాగుండి మళ్లీ మొదటికొచ్చింది. ఇంకో మెకానిక్ మొత్తం సెట్టు మార్చాలన్నాడు. విసుగెత్తి ఆవిడే సన్న కొలతలు తీసే వెర్నియర్ తెచ్చుకుని పిన్ను, బుష్, లివర్ అన్నీ కొలిచి పంపారు. ఉత్తరం చివర "అన్నట్టు" అంటూ ఇంకో రెండు వాక్యాలు: బ్రేక్ పెడల్ కూడా ఊగుతోందంటే మెకానిక్ బోల్టు గట్టిగా బిగించాడు, ఊగడం పోయింది కానీ నొక్కి వదిలితే మెల్లగా పైకొస్తోంది, ఒక్కోసారి బ్రేక్ లైటు వెలుగుతూనే ఉంటోంది. నెల రోజుల్లో స్నేహితురాళ్లతో కలిసి దూరప్రయాణం ఉంది. "నా కాలిని అనుమానించాలా, బండినా? బుష్ మార్చాలంటే ఏది వేయించుకోవాలి?" అని అడిగారు.

మీరు "అన్నట్టు" అని ఆఖర్న పెట్టిన విషయం నుంచే మొదలుపెడతాను. నిజానికి ఉత్తరంలో అదే మొదటి వాక్యం కావాల్సింది.

పెడల్ ఊగుతోందంటే బోల్టు బిగించేయడం చాలా చోట్ల చేసేదే. ఊగడం ఆగిపోతుంది కాబట్టి బాగైనట్టే అనిపిస్తుంది. జరిగిందేమిటంటే, పెడల్‌ని రెండు పక్కల నుంచీ నొక్కి పట్టేశారు. ఆ బోల్టు బిగుసుకోవాల్సింది లోపల ఉండే స్లీవ్ అనే గొట్టం మీద. పెడల్ ఆ స్లీవ్ చుట్టూ హాయిగా తిరగాలి. స్లీవ్ అరిగి పొట్టిదైనా, పక్కన ఒక వాషర్ ఎక్కువ పడినా, బోల్టు బిగువంతా పెడల్ మీదే పడుతుంది.

మీది వెనక కూడా డిస్క్ బ్రేకే అన్నారు. పెడల్ పూర్తిగా పైకి రాకపోతే, బ్రేక్ ఆయిల్‌ని నెట్టే మాస్టర్ సిలిండర్‌లో పిస్టన్ కూడా పూర్తిగా వెనక్కి రాదు. బ్రేక్ ఆయిల్ తిరిగి డబ్బాలోకి వెళ్లే సన్నటి రంధ్రం మూసుకునే ఉంటుంది. ప్యాడ్లు డిస్క్‌ని రాసుకుంటూ ఉంటాయి. వేడెక్కుతుంది, ఆ వేడికి ఆయిల్ వ్యాకోచిస్తుంది, పోవడానికి దారిలేక ప్యాడ్లని ఇంకాస్త నొక్కుతుంది. అలా పెరిగి పెరిగి మీరు నొక్కకుండానే చక్రం పట్టేయొచ్చు. వెలుగుతూ ఉండిపోతున్న ఆ లైటు దానికి ముందస్తు కబురు.

ఇంట్లోనే చూసుకోవచ్చు. వెనక చక్రం గాల్లో ఉండేలా బండిని స్టాండు మీద నిలబెట్టి, న్యూట్రల్‌లో చక్రాన్ని చేత్తో తిప్పండి. పెడల్ ఒకసారి నొక్కి వదిలి మళ్లీ తిప్పండి. రెండోసారి బరువుగా తిరిగితే ఆ పెడల్ బాగయ్యే దాకా బండి తీయొద్దు. మిగతా అన్నిటికీ మీకు దారులు చెబుతాను, ఎంచుకోవడం మీ ఇష్టం. ఇది మాత్రం ఎంచుకునే విషయం కాదు. పెడల్ తిరిగే పిన్ను బయటికి తీయించి, తుప్పు గీకించి, గ్రీజు పెట్టించి, బోల్టుని మాన్యువల్‌లో ఇచ్చిన టార్క్‌కే, అంటే అంత బిగువుకే, బిగించమనండి. అంత బిగించాక కూడా పెడల్ దానంతట అది టక్కున పైకి రావాలి. రాకపోతే స్లీవ్ మార్చాలి. స్లీవ్ పొడవు అది దూరే పెడల్ గొట్టం కన్నా 0.1 నుంచి 0.2 మిల్లీమీటర్ ఎక్కువ ఉంటే చాలు, ఆ కాస్త సందు వల్లే పెడల్ తిరుగుతుంది. బోల్టు వదులు చేసి సరిపెట్టుకోవడం కూడా పనికిరాదు. దారిలో ఊడి పడిపోతే మీకు పెడలే ఉండదు.

ఇక మీ ఎడమ కాలు సంగతి. ఇన్ని కొలతలు చేతిలో పెట్టుకుని ఇంట్లో అందరూ మీ చీలమండ గురించి వాదించుకుంటున్నారంటే నాకు నవ్వొచ్చింది. ఆ కొలతలే మాట్లాడుతున్నాయి, చూడండి.

పిన్ను అరగని చివర 11.97 మిల్లీమీటర్లు, లివర్ ఆనే చోట 11.72. బుష్ రంధ్రం అడ్డంగా 12.22, నిలువుగా 12.40. అంటే గుండ్రంగా ఉండాల్సింది కోడిగుడ్డు ఆకారానికి తిరిగింది. అడ్డంగా పిన్నుకీ బుష్‌కీ మధ్య సరిగ్గా అర మిల్లీమీటర్ ఖాళీ. అంతేనా అనిపిస్తుంది. కానీ బుష్ పొడవు 30, మీ బూటు తగిలే చివర పిన్నుకి 180 మిల్లీమీటర్ల దూరంలో ఉంది, అంటే ఆరు రెట్లు. లోపలి అర మిల్లీమీటర్ అక్కడికొచ్చేసరికి ఒక పక్కకి మూడు, రెండు పక్కలా కలిపి ఆరు. మీరు స్కేలు పెట్టి కొలిచింది కూడా ఆరే! కాబట్టి పక్కలకి ఊగడం మొత్తం పిన్ను, బుష్‌ల ఖాతాలోకే వెళ్తుంది.

పైకీ కిందికీ 15 మిల్లీమీటర్లు ఉత్తినే కదులుతోందన్నారే, అది వేరే కథ. మీ తమ్ముడు పొరబడింది కూడా ఇక్కడే. లివర్ కదలికని గేర్‌బాక్స్‌కి చేర్చే రాడ్ లివర్‌కి తగిలే చోటు పిన్నుకి 60 దూరంలో ఉందని రాశారు. ఆ లెక్కన బుష్ నిలువు అరుగుదల లివర్ చివర రెండు మూడు మిల్లీమీటర్లకి మించి తేలదు. గేర్‌బాక్స్‌కి సహజంగా ఉండే కొద్దిపాటి కదలిక తీసేసినా, ఇంకా చాలా మిగిలిపోతుంది. అది రాడ్ రెండు చివర్లా ఉండే బాల్ జాయింట్లలో ఉండాలి, లేదా గేర్ షాఫ్ట్ మీద కూర్చునే పొట్టి ఆర్మ్ లోపలి పళ్లలో ఉండాలి. నాకు ఆ పళ్ల మీదే ఎక్కువ అనుమానం. 12 మిల్లీమీటర్ల షాఫ్ట్ మీద పళ్లు 0.3 మాత్రమే అరిగాయనుకోండి. 40 మిల్లీమీటర్ల ఆర్మ్ చివర అది 2 అవుతుంది, అక్కడి నుంచి లివర్ చివరికి వచ్చేసరికి మూడింతలై 6 అవుతుంది. బుష్ ఎంత గొప్పది వేయించినా ఈ ఆరూ అలాగే ఉంటాయి.

తేల్చుకోవడానికి ఇద్దరు కావాలి. ఒకరు లివర్‌ని చేత్తో మెల్లగా పైకీ కిందికీ ఆడిస్తుంటే, ఇంకొకరు ఒక్కో కీలు మీద వేలు పెట్టి చూడాలి. రాడ్ కదిలి, దాని పక్కనున్న ఆర్మ్ ఆలస్యంగా కదిలితే లూజు ఆ జాయింట్‌లో ఉంది. ఆర్మ్ కదిలినా షాఫ్ట్ కొస కదలకపోతే పళ్లలో ఉంది. షాఫ్ట్ కొస మీద మార్కర్‌తో ఒక గీత గీస్తే ఇది కంటికే తెలుస్తుంది. ఒక్కోసారి ఆర్మ్ బిగింపు బోల్టు కాస్త వదులైందంతే, బిగిస్తే సరిపోతుంది. పళ్లు నిజంగా అరిగిపోయి ఉంటే ఆర్మ్ మార్చాలి. "ఎందుకండీ, షాఫ్ట్‌కి వెల్డింగ్ పెట్టేస్తే పోతుంది" అనేవాళ్లు తగులుతారు. ఆ వేడికి వెనకున్న ఆయిల్ సీల్ పాడవుతుంది, ఆ తర్వాత ఆ పక్క ఏ పని పడినా ఆర్మ్ కోసి తీయాల్సిందే.

మరి కాలు? విరిగి అతికిన చీలమండ పాదాన్ని పైకి లేపే కదలికలో బిగుసుగా ఉండటం మామూలే. పడక ముందు మీ కాలు ఆ 15 మిల్లీమీటర్ల ఖాళీని మీకు తెలియకుండానే పూడ్చేస్తూ వచ్చి ఉంటుంది. అరుగుదల ఆరు నెలలు కవరు కింద ఉన్నప్పుడు రాలేదు కదా, అప్పటికే ఉంది. ఇప్పుడు కాలు లేచేదే తక్కువ, అందులో సగం ఖాళీకే పోతోంది. అంటే మీ ఆయన అన్నదీ, మీ తమ్ముడు అన్నదీ రెండూ కొంత నిజమే. కాకపోతే బండి సగాన్ని ముందు బాగుచేస్తే తప్ప కాలు సగం ఎంతో తెలియదు.

బాగుచేశాక ఇలా చూడండి. ఇంజిన్ ఆపి, వెనక చక్రం గాల్లో ఉంచి, ఒకరు చక్రాన్ని మెల్లగా తిప్పుతుంటే మీరు మామూలుగా కూర్చుని కాలితో గేర్లు మార్చండి. తర్వాత చేత్తో మార్చండి. (చక్రం తిప్పకుండా చేస్తే లోపలి పళ్లు ఎదురెదురుగా ఆగిపోయి గేరు పడకపోవచ్చు, దానికి కంగారు పడొద్దు.) చేత్తో ప్రతిసారీ పడి కాలితో పడకపోతే ఫిజియోథెరపిస్టు దగ్గరికి వెళ్లాలి. చేత్తో కూడా పడకపోతే క్లచ్ సర్దుబాటు, ఆ తర్వాత గేర్‌బాక్స్ లోపల చూడాలి. అప్పుడు బుష్‌కీ కాలికీ కూడా సంబంధం లేదు.

ఇప్పుడు ఏ బుష్ అనే ప్రశ్న. దేనికి వెళ్లినా పిన్ను మాత్రం కొత్తదే ఉండాలి. 12.02 రంధ్రంతో చక్కటి బుష్ చేయించి మీ పాత పిన్నే దూర్చారనుకోండి, మధ్యలో 0.30 ఖాళీ అలాగే ఉంటుంది. అంటే మీ ఆరులో మూడున్నర పైనే మళ్లీ ఊగుతుంది. డబ్బు పెట్టి పని చేయించుకున్నవాళ్లు "ఏం తేడా లేదండీ" అని మొత్తుకునేది చాలావరకు ఈ ఒక్క పొరపాటు వల్లే.

రేకు చుట్టడం గురించి మీకు వేరే చెప్పక్కర్లేదు, పదిహేను రోజుల్లో చూశారు. నలిగిన రేకు అంచు పిన్నుని గీరుతుంది కూడా.

మొత్తం సెట్టు మార్చడం అన్నిటికన్నా తేలిక. లేత్ పని లేదు, కొలతల తలనొప్పి లేదు, ఒక పూటలో అయిపోతుంది. అయితే ముందు ఒకటి అడగండి: కొత్త లివర్‌తో బుష్, పిన్ను వస్తాయా, లివర్ ఒక్కటే వస్తుందా? కొన్ని బళ్లకి అసలు విడి బుష్ ఉండదు, లివర్ ఇనుమే పిన్ను ఇనుము మీద తిరుగుతుంది. మీదానికి బుష్ ఉంది కాబట్టి ఆ బాధ లేదు. అరుగుదల పాతదానిలాగే ఉంటుంది. కానీ పదకొండేళ్లు వచ్చినదాన్ని మరీ తీసిపారేయక్కర్లేదు.

గన్‌మెటల్ (ఒక రకం కంచు) బుష్ చేయించుకోవడం నాకు నచ్చిన దారి. నా పక్షపాతం దాచుకోను. ఇత్తడి, గన్‌మెటల్ మెరుపులో దాదాపు ఒకేలా ఉంటాయి, కానీ ఇత్తడి ఇలాంటి చోట త్వరగా అరుగుతుంది, కాబట్టి అడిగి మరీ గన్‌మెటల్ వేయించుకోండి. కంచు పొడిని అదిమి చేసిన, నూనె పీల్చుకుని ఉండే బుష్‌లు కూడా దొరుకుతాయి, వాటి పరిమాణంలో దాదాపు ఐదో వంతు నూనే. అవి ఆగకుండా గిర్రున తిరిగే షాఫ్ట్‌లకి బాగా పనిచేస్తాయి, ఆ తిరుగుడే నూనెని బయటికి లాగుతుంది. మీ లివర్ కొన్ని డిగ్రీలు అటూ ఇటూ కదిలి ఆగిపోతుంది. అందుకే గట్టి గన్‌మెటల్, లోపల గ్రీజు నిలిచే గాడి, వీలైతే బయట గ్రీజు ఎక్కించడానికి ఒక నిపుల్ ఉంటే మంచిది. దీనిలో ఇబ్బంది ఏమిటంటే, ఫలితం పూర్తిగా లేత్ మీద పనిచేసే టర్నర్ చేతిలో ఉంటుంది. పైగా ఆ గ్రీజు మీరు గుర్తు పెట్టుకుని పెట్టాలి. పెట్టననుకుంటే ఇది మీకు సరిపడదు.

గ్రీజు గొడవ వద్దనుకుంటే లోపల టెఫ్లాన్ పూత ఉన్న పల్చటి ఉక్కు బుష్‌లు ఉన్నాయి. చప్పుడు చేయవు, పొడిగానే పనిచేస్తాయి. కానీ బిగించాక లోపల రీమర్ (రంధ్రాన్ని కచ్చితమైన కొలతకి చెక్కే పనిముట్టు) పెట్టకూడదు, పూత లేచిపోతుంది. కాబట్టి లివర్ రంధ్రం ముందే కచ్చితమైన కొలతలో ఉండాలి, పిన్ను నున్నగా, తుప్పు పట్టనిదై ఉండాలి. ప్లాస్టిక్ రకాల్లోకి వెళ్తే డెల్రిన్ పర్వాలేదు. నైలాన్ మాత్రం నీళ్లు పీల్చి ఉబ్బుతుంది, వాన పడ్డ రోజున లివర్ బిగుసుకుపోతుంది.

నీడిల్ బేరింగ్ విషయంలో మీ తమ్ముణ్ణి మరీ తీసేయలేం. వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్మ్‌లో, సస్పెన్షన్ లింకుల్లో అవి వాడతారు. అయితే అక్కడ గట్టిపరిచిన ఉక్కు స్లీవ్ ఉంటుంది, రెండు పక్కలా సీళ్లు ఉంటాయి. కాలి దగ్గరి లివర్ మీద ముందు చక్రం చిమ్మే నీళ్లు, మట్టి నేరుగా పడతాయి, అలాంటి సీళ్లు పెట్టడానికి చోటుండదు. ఇంకోటి, ఆ సూదుల్లాంటి రోలర్లు తిరిగి తిరిగి చోటు మారితేనే గ్రీజు అందుతుంది. ఇక్కడ ఉన్నచోటే కొద్దిగా ఊగుతూ, ఇంజిన్ అదురుకి అదే గీత మీద కొట్టుకుంటూ ఉంటాయి. పిన్ను మామూలు ఉక్కుదైతే దాని మీద వరసగా గాట్లు పడతాయి. మొదటి నెల వెన్నలా ఉంటుంది, ఆ తర్వాత ప్రతి గాటూ కాలికి తగులుతుంది. తీరా అప్పుడు వెనక్కి రావాలంటే, బేరింగ్ కోసం లివర్ రంధ్రం పెద్దది చేసేసి ఉంటారు.

టర్నర్ దగ్గరికి వెళ్తే ఇవి చెప్పండి. పిన్నుకీ బుష్‌కీ మధ్య 0.03 నుంచి 0.06 మిల్లీమీటర్ల ఖాళీ చాలు, మీ లివర్ చివర ఊగుడు అర మిల్లీమీటర్ చుట్టుపక్కలకి వచ్చేస్తుంది. ఆ తుది కొలత బుష్‌ని లివర్‌లో బిగించిన తర్వాత రీమర్‌తో తీయాలి. ముందే తీస్తే బిగింపుకి బుష్ లోపలికి ముడుచుకుని పిన్ను దూరదు. అప్పుడు పిన్నుని ఎమరీ పేపరుతో రుద్దడం మొదలవుతుంది, పని అక్కడే చెడుతుంది.

సుత్తితో కొట్టనివ్వకండి. మీది అల్యూమినియం లివర్, బుష్ బయటి కొలత 16. బుష్‌ని రాత్రంతా ఫ్రిజ్ పైఅరలో, మంచు గడ్డకట్టే చోట పెట్టండి. పొద్దున్న లివర్‌ని మరిగే నీళ్లలో పది నిమిషాలు ఉంచండి. రంధ్రం దాదాపు 0.03 పెరుగుతుంది, బుష్ 0.01 తగ్గుతుంది. గుడ్డతో లివర్ పట్టుకుని, తడి తుడిచి, వైస్‌లో రెండు దవడల మధ్య పెట్టి నొక్కితే మెత్తగా జారిపోతుంది. మొత్తం అర నిమిషంలో అయిపోవాలి, ఆలస్యమైతే సగంలో పట్టేస్తుంది. మంట పెట్టి కాల్చడం మాత్రం వద్దు, పైపూతా పోతుంది, అల్యూమినియం బలమూ తగ్గుతుంది. చివరగా రెండు పక్కలా ఓ-రింగ్ (రబ్బరు రింగు), ఒక పల్చటి వాషర్. గ్రీజు నీళ్లకి కొట్టుకుపోని రకం. కడిగేటప్పుడు ప్రెషర్ గొట్టం నేరుగా అక్కడ పెట్టకపోతే చాలాకాలం వస్తుంది.

మీ చీలమండకి పనికొచ్చే మాట ఒకటుంది, దీనికి లేత్ కూడా అక్కర్లేదు. గేర్ రాడ్ రెండు చివర్లా లాక్ నట్లు ఉంటాయి. వాటిని వదులు చేసి రాడ్ తిప్పితే లివర్ ఎత్తు మారుతుంది. సాధారణంగా ఒక చివర మరలు ఎదురు దిశలో ఉంటాయి కాబట్టి నట్టు రాకపోతే బలం పెట్టకుండా రెండో వైపు తిప్పి చూడండి. లివర్ ఐదారు మిల్లీమీటర్లు దిగితే పాదం అంతగా లేపక్కర్లేదు. మరీ దించితే మొదటి గేరుకి కిందికి నొక్కేటప్పుడు పాదం వాలడానికి చోటు చాలదు. మరలు రెండు వైపులా సరిపడా లోపల ఉన్నాయో లేదో చూసుకోండి.

లేపడమే కష్టంగా ఉంటే, మడమతో నొక్కి గేరు మార్చే రెండు కొసల లివర్ ఇంకో దారి. పాదం పైకి లేపే పనే ఉండదు. కానీ బరువు పెరుగుతుంది, అదంతా అదే బుష్ మీద పడుతుంది, ఫుట్‌రెస్ట్ మీద పాదం పెట్టుకునే చోటు ఇరుకవుతుంది. కాలు ఇంకా మెరుగవుతోందని డాక్టరు చెబుతుంటే ఇప్పుడే దీని జోలికి వెళ్లొద్దని నేనంటాను.

ప్రయాణానికి నెల ఉంది. బ్రేక్ పెడల్ ఈ వారమే. కీళ్లు వెతకడం అదే రోజు చేసుకోవచ్చు. లేత్ పని రెండు వారాల్లో తెమలకపోతే పంతానికి పోకుండా కొత్త సెట్టు బిగించుకోండి, గన్‌మెటల్ తర్వాతైనా చేయించుకోవచ్చు. ఏది చేసినా బయల్దేరే ముందు దగ్గర దారుల్లో రెండు మూడు వందల కిలోమీటర్లు నడిపి, పిన్ను బోల్టు, లాక్ నట్లు మళ్లీ ఒకసారి చూసుకోవాలి. ఆ తిరుగుడులో కూడా రెండో గేరు మిమ్మల్ని ఏడిపిస్తే ఈసారికి వెనక సీటులో వెళ్లడమో, ఇంకో బండి తీసుకోవడమో ఆలోచించండి. అమ్మకం మాట దాని తర్వాత.

పాత పిన్నుని మాత్రం పారేయకండి. అరగని ఆ చివరే టర్నర్‌కి అసలు కొలత. పని అయ్యాక ఇంటికి తెచ్చి మీ ఆయన చేతిలో పెట్టి, గోటితో పొడవునా గీయమనండి. అరిగిన చోటు మొదలయ్యే దగ్గర గోరు మెట్టు దిగినట్టు దిగుతుంది.